చిందు యక్షగాన నటన

చిందు యక్షగాన నటన తెలంగాణ జానపద రంగస్థలానికి చెందిన దేహప్రధానమైన నటనావృత్తి. దీనిని చిందు భాగవతం అని, పల్లె వాడుకలో చిందు బాగోతం అని కూడా అంటారు. అడుగు, గెంతు, తిరుగుడు, చూపు, గొంతు, తాళం అనే వాటిని కలిపి, తెరలు, రంగాలంకరణ ఎక్కువగా లేని బయలు ప్రదేశంలో కథను నడిపించడం దీని ప్రధాన లక్షణం. నల్గొండ, వరంగల్, నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ పూర్వ జిల్లాలలో చిందు కుటుంబాలు దీనిని వంశపారంపర్య వృత్తిగా స్వీకరించి జీవించాయి. పాశ్చాత్య దేశాలలో 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న దేహ రంగస్థలానికి (ఫిజికల్ థియేటర్) తెలుగునాట దగ్గరగా నిలిచే సంప్రదాయాలలో ఇది ఒకటి. ఈ కళలో నటుడు వృత్తిలో ఎట్లా ఎదుగుతాడు, విద్యను తరువాతి తరానికి ఎట్లా అందిస్తాడు, నేడు ఈ వృత్తి ముందున్న మార్గాలు ఏమిటి అనే విషయాలు ఈ వ్యాసంలో ఉన్నవి.

పేరు, నేపథ్యం

తెలుగులో చిందు అనగా లయబద్ధమైన అడుగు, గెంతు. చిందులు వేయుట అనే పలుకుబడి దీని నుండి వచ్చినదే. ఈ కళను వృత్తిగా గలవారిని చిందోళ్ళు, సిందోళ్ళు అని పిలుస్తారు. షెడ్యూల్డు కులాల జాబితాలో వీరి పేరు సిందోళ్ళు, చిందోళ్ళు అని నమోదై ఉన్నది. వీరు మాదిగ కులానికి ఆశ్రిత కులంవారు. అనగా మాదిగవారి కులపురాణాన్ని ప్రదర్శించి, వారి నుండి ప్రతిఫలం పొందే హక్కు గలవారు.

చిందు అనే మాట చాలా పాతది. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి అయిన జాయపసేనాని 13వ శతాబ్దం నడుమ సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళిలో దేశి నృత్తాల మధ్య పేరణి, కోలాటం, కందుకం మొదలగు వాటితోపాటు చిందు కూడా కలదు. అయితే ఆ గ్రంథంలోని చిందు, నేటి చిందు భాగవతం ఒకటేనని నిశ్చయంగా చెప్పుటకు వీలులేదు. అడుగు ప్రధానమైన దేశి నృత్తానికి ఆ పేరు అప్పటికే ఉన్నదని మాత్రం గ్రహించవచ్చును.

యక్షగానం తెలుగు సాహిత్యంలో పాటకు, ఆటకు అనువైన దేశి రచన. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో యక్షగాన ప్రసక్తి కలదు. కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయం లభ్యమైన తొలి యక్షగానాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందినది. ఎస్.వి.జోగారావు ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్రలో ఈ ప్రక్రియను విపులంగా పరిశీలించారు. తెలంగాణలో చెర్విరాల బాగయ్య వంటి కవులు రచించిన యక్షగానాలు పల్లె మేళాలలో విస్తారంగా ప్రచారం పొందాయి.

ప్రదర్శన విధానం

చిందు ప్రదర్శనకు ఊరి నడుమ ఖాళీ స్థలం, నాలుగు గుంజలపై వేసిన పందిరి సరిపోతాయి. ప్రేక్షకులు మూడు వైపుల కూర్చుంటారు. వెనుక భాగంలో మద్దెల, తాళాలు, హార్మోనియం వాయించేవారు, వంత పాడేవారు ఉంటారు. హార్మోనియం తరువాతి కాలంలో వచ్చి చేరినది.

ప్రధాన పాత్ర ప్రవేశించునపుడు ఇద్దరు మనుషులు ఒక తెరను అడ్డుగా పట్టుకుంటారు. తెర వెనుక నుండి ముందుగా గజ్జెల శబ్దం వినిపిస్తుంది. తరువాత పాత్రధారి ప్రవేశ దరువుకు అడుగులు వేస్తూ తానెవరో చెప్పుకుంటాడు. రాజు, రాక్షసుడు, రాణి, చెంచిత, ముని ఒక్కొక్కరి నడక వేరు. మాట మొదలు కాకముందే నడకను బట్టి పాత్రను ప్రేక్షకులు గుర్తించాలి. నటుని విద్యకు ఇదే తొలి పరీక్ష.

ఆహార్యంలో తేలికపాటి చెక్కతో చేసి, రంగులు, అద్దం ముక్కలు అతికిన కిరీటం, భుజకీర్తులు ముఖ్యమైనవి. ఇవి నటుని ఆకారాన్ని పెద్దదిగా చూపుతాయి. దూరంగా కూర్చున్నవారికి కూడా తల కదలిక, భుజం కదలిక స్పష్టంగా తెలియడం వీటి ప్రయోజనం.

ప్రదర్శించే కథలలో ప్రహ్లాద, సారంగధర, హరిశ్చంద్ర, చెంచులక్ష్మి, కీచకవధ, లవకుశ, బాలనాగమ్మ మొదలగునవి కలవు. బుడ్డర్‌ఖాన్ వంటి హాస్యవేషాలు కథ మధ్యలో వచ్చి ఊరి సంగతులను, పెత్తందారీతనాన్ని ఎత్తిపొడుస్తాయి. వీటన్నిటికంటె భిన్నమైనది జాంబపురాణం. ఇది మాదిగవారి కులపురాణం. సృష్టి ఎట్లా జరిగినది, కులాలు ఎట్లా ఏర్పడినవి అనే ప్రశ్నలపై జాంబవంతుని పక్షానికి, బ్రాహ్మణునికి మధ్య నడిచే వాదం ఇందులో ప్రధానం. కుల వ్యవస్థలో అట్టడుగున ఉంచబడినవారు తామే ఆదిమూలమని సభా మధ్యమున వాదించి నిలవడం ఈ ప్రదర్శనకు ఉన్న సామాజిక ప్రాధాన్యం. పులికొండ సుబ్బాచారి తెలుగులో కులపురాణాలు అనే గ్రంథంలో ఇటువంటి ఆశ్రిత కులాల సంప్రదాయాలను పరిశోధించారు.

గోసంగి వేషం, ఎల్లమ్మ వేషం వినోదం కొరకు మాత్రమే కట్టేవి కావు. ఇవి జాతరలలో, కొలుపులలో ఆచారంలో భాగంగా కట్టే వేషాలు.

మిరాశీ: వృత్తికి పాత ఆధారం

చిందు నటుని వృత్తి పూర్వకాలంలో మిరాశీ అనే హక్కుపై ఆధారపడి ఉండేది. ఒక్కొక్క చిందు కుటుంబానికి కొన్ని గ్రామాలు మిరాశీగా ఉండేవి. ఆ గ్రామాలలో ప్రదర్శించే హక్కు, అక్కడి మాదిగవాడ నుండి ధాన్యం, కట్నకానుకలు పొందే హక్కు ఆ కుటుంబానిదే. మరొక మేళం అక్కడ ఆడరాదు. అన్నదమ్ములు వేరుపడినపుడు భూమిని పంచుకున్నట్లే గ్రామాలను పంచుకునేవారు. పంటలు ఇంటికి వచ్చిన తరువాత మేళాలు బయలుదేరి, వర్షాకాలం వచ్చేవరకు ఊరూరా తిరిగేవి.

ఈ ఏర్పాటులో ఒక మేలు, ఒక కీడు ఉన్నవి. ప్రతి సంవత్సరం ప్రేక్షకులను వెతుక్కునే పని లేకుండా నటునికి బ్రతుకుతెరువు దొరికేది. కాని నటుడు కళాకారుడుగా గాక కులాన్ని బట్టి అడుక్కునేవాడుగా చూడబడేవాడు. వ్యవసాయంలో మార్పులు, వలసలు, సినిమా, తరువాత టెలివిజన్ వచ్చిన కారణంగా మిరాశీ బలహీనపడినది. ధాన్యానికి బదులు ప్రదర్శనకు ఇంత అని డబ్బు మాట్లాడుకునే పద్ధతి ఏర్పడినది. ఏడాది పొడవునా ప్రదర్శనలు లేని కారణంగా పలువురు కళాకారులు వ్యవసాయ కూలీలుగా పనిచేస్తూ అవకాశం వచ్చినపుడు వేషం కడుతున్నారు.

నటుని శిక్షణ

చిందు కుటుంబంలో బడి వంటి ప్రత్యేక శిక్షణాలయం లేదు. మేళమే బడి. సాధారణంగా శిక్షణ ఈ క్రమంలో సాగుతుంది.

1. వినికిడి: పసిపిల్లలు రాత్రంతా ప్రదర్శన పక్కనే ఉంటారు. దరువులు, వచనాలు అర్థం తెలియకముందే నోటికి వస్తాయి.
2. తాళం, వంత: వేషం కట్టకముందు పిల్లలు తాళం పట్టుకొని వంత పాడడం నేర్చుకుంటారు. లయ తప్పనివానికే గజ్జె కట్టే అర్హత.
3. బాలవేషాలు: ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, లవకుశులు వంటి వేషాలతో రంగప్రవేశం జరుగుతుంది. వీటిలో పెద్దల పక్కన నిలిచి ఆడే ధైర్యం అలవడుతుంది.
4. స్త్రీవేషాలు, ఉపపాత్రలు: నడకలో తేడాలు, చూపు, సంవాదంలో ఎదుటివారి మాటకు బదులిచ్చే ఒడుపు ఈ దశలో నేర్చుకుంటారు.
5. ప్రధాన వేషాలు: రాజు, రాక్షసుడు వంటి వేషాలకు ఒంట్లో సత్తువ, గొంతులో బలం, కథ మొత్తంపై పట్టు కావాలి.
6. మేళ నిర్వహణ: అన్ని పాత్రలు తెలిసినవాడు, ఎవరు రాకపోయినా ఆ వేషం కట్టగలవాడు మేళానికి పెద్ద అవుతాడు. పిల్లలకు నేర్పవలసిన బాధ్యత కూడా అతనిదే.

ఈ క్రమంలో నటుడు, బోధకుడు వేరువేరు వ్యక్తులు కారు. నటించడం ఆపివేసిన తరువాత గురువు కావడం గాక, నటిస్తూనే పక్కనున్నవానికి అడుగు సరిదిద్దడం ఇక్కడి పద్ధతి. తప్పు జరిగితే మద్దెల వాయించేవాడు దరువు మళ్ళీ ఎత్తుకొని పిల్లవానిని దారిలో పెడతాడు. ప్రేక్షకుల ఎదుటనే పాఠం నడుస్తుంది.

దేహ సంరక్షణ

రాత్రంతా సాగే ప్రదర్శనలో మోకాళ్ళు కొద్దిగా వంచి, కఠిన నేలపై అడుగులు వేయడం వలన మోకాళ్ళకు, మడమలకు, నడుముకు శ్రమ కలుగుతుంది. బరువైన ఆహార్యం మెడపై, భుజాలపై భారం మోపుతుంది. మైకు లేకుండా పాడవలసి వచ్చినపుడు గొంతు దెబ్బతినే అవకాశం కలదు. ఆధునిక రంగస్థల శిక్షణలో ప్రదర్శనకు ముందు కండరాలను వేడెక్కించడం, తరువాత సడలించడం, ఊపిరిని కడుపు నుండి తీసుకోవడం తప్పనిసరి పాఠాలు. సంప్రదాయ నటులకు కూడా ఇవి ఉపయోగకరమైనవి.

జానపద రంగస్థలంలో పూర్వం ముఖానికి పూసిన అర్దళం ఆర్సెనిక్ గల ఖనిజం, ఇంగిలీకం పాదరసం గల ఖనిజం. రెండూ చర్మానికి, ఆరోగ్యానికి హాని చేసేవే. బజారులో దొరికే రంగస్థల రంగులు వాడుకలోకి వచ్చిన తరువాత వీటి వాడకం తగ్గినది.

స్త్రీలు

చిందు యక్షగానంలో స్త్రీలు నటించడం విశేషం. అనేక తెలుగు రంగస్థల సంప్రదాయాలలో స్త్రీపాత్రలను పురుషులే ధరించిన కాలంలో కూడా చిందు మేళాలలో భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఆడేవారు. స్త్రీలు పురుషవేషాలు కూడా కట్టేవారు.

వీరిలో అత్యంత ప్రసిద్ధురాలు నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ. పల్లె మేళాలలో నటించిన ఆమెను నగర వేదికలు కూడా గుర్తించాయి. చెంచులక్ష్మి వేషం ఆమెకు పేరు తెచ్చినది. ఆమె 2005లో మరణించారు. ఆమె జీవితాన్ని కె.ముత్యం గ్రంథస్థం చేశారు.

ఈ స్త్రీలకు దక్కిన గౌరవం వేదిక వరకే పరిమితమైన సందర్భాలు ఎక్కువ. తెలంగాణ పల్లెలలో దళిత స్త్రీలను దేవత పేరుతో అంకితం చేసే జోగినీ దురాచారం కొనసాగినది. దీనిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం ద్వారా నిషేధించినది. ఆడపిల్లను వేషం కట్టనిచ్చుటకు నేటి తల్లిదండ్రులు వెనుకాడుటకు ఈ గత చరిత్ర కూడా ఒక కారణం.

గడ్డం సమ్మయ్య

జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానంలో నటుడుగా, గురువుగా ప్రసిద్ధుడు. 2024లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించినది. ఆ సందర్భంగా వెలువడిన వివరాల ప్రకారం ఆయన ఐదు దశాబ్దాలకు పైగా 19,000కు మించిన ప్రదర్శనలు ఇచ్చారు. తల్లిదండ్రుల వద్దనే ఈ విద్యను నేర్చుకున్నారు. పేద కుటుంబంలో పుట్టి, వ్యవసాయ కూలీగా పనిచేస్తూ కళను కొనసాగించారు. పురాణ కథలతోపాటు సామాజిక చైతన్యానికి సంబంధించిన అంశాలను కూడా ఈ ప్రక్రియలో ప్రదర్శించారు.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రానికి చెందిన పద్మశ్రీ గ్రహీతలను సన్మానించి, ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25,000 రూపాయల పింఛను ప్రకటించినది. వేలాది ప్రదర్శనలు ఇచ్చిన నటుడు కూలీపనిపై ఆధారపడవలసి రావడం, స్థిరమైన నెలసరి ఆదాయం జీవిత చరమభాగంలో పురస్కారం ద్వారా మాత్రమే సమకూరడం ఈ వృత్తి పరిస్థితిని తెలుపుతుంది.

సమ్మయ్య పుట్టిన దేవరుప్పుల ప్రాంతం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో ముఖ్యమైనది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ మండలంలోనిదే. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో భాగం. ఆ పోరాటంలో నల్గొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ, పిట్టలదొర వంటి ప్రజాకళారూపాలను ఉద్యమ ప్రచారానికి వాడుకున్నారు. జానపద నటుని దేహం, గొంతు రాజకీయ సాధనంగా మారిన ఘట్టం అది.

బోధనావృత్తిగా మారిన కళలు

జానపద నటుడు విశ్వవిద్యాలయ బోధకుడు కాగలడనుటకు ఉదాహరణ ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య. నేటి జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన ఆయన తెలుగు విశ్వవిద్యాలయంలో ఒగ్గు కథను బోధించారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు. 2017లో మరణించారు.

మరొక మార్గం నటరాజ రామకృష్ణ (1923 - 2011) చూపినది. ఆయన నృత్తరత్నావళి వర్ణనలను, రామప్ప దేవాలయ శిల్పాలను ఆధారంగా చేసుకొని పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించి, శిష్యులను తయారుచేశారు. దానితో పేరిణి కులంతో సంబంధం లేకుండా ఎవరైనా నేర్చుకోదగిన పాఠ్యక్రమంగా మారినది. చిందు యక్షగానానికి ఇటువంటి క్రమబద్ధమైన పాఠ్యక్రమం విస్తృతంగా ఏర్పడలేదు. దాని విద్య ఇప్పటికీ ప్రధానంగా కుటుంబాలలోనే ఉన్నది.

దేహ రంగస్థలంతో పోలిక

ఐరోపాలో దేహాన్ని నటనకు మూలంగా తీసుకున్నవారిలో రష్యాకు చెందిన మేయర్‌హోల్డ్, ఫ్రాన్సుకు చెందిన ఎతియెన్ దెక్రూ, పోలండుకు చెందిన గ్రొతోవ్‌స్కీ ముఖ్యులు. ఫ్రెంచి నట గురువు జాక్ లెకాక్ (1921 - 1999) 1956లో పారిస్‌లో స్థాపించిన పాఠశాలలో తటస్థ ముఖతొడుగు, విదూషక నటన, బృంద కదలిక ప్రధాన పాఠాలు. నటుడు ముందుగా తన అలవాటు నడకను విడిచిపెట్టి, తరువాత పాత్ర నడకను సృష్టించుకోవాలని ఆయన పద్ధతి నేర్పుతుంది.

భారతదేశంలో కర్ణాటకలోని హెగ్గోడులో గల నీనాసం రంగశిక్షణ కేంద్రం, పుదుచ్చేరి సమీపంలో వీణాపాణి చావ్లా నెలకొల్పిన ఆదిశక్తి సంస్థ దేహశిక్షణకు పేరుపొందాయి. ఆదిశక్తిలో కూడియాట్టం, కలరిపయట్టు వంటి సంప్రదాయాల నుండి ఊపిరి, కదలిక పాఠాలను రూపొందించారు. హైదరాబాదులో మైమ్ మధు మూకాభినయ నటుడుగా, శిక్షకుడుగా కృషి చేస్తున్నారు.

పోలికతోపాటు భేదం కూడా గమనించదగినది. ఐరోపా పద్ధతిలో విద్యార్థి రుసుము చెల్లించి ఒకటి రెండు సంవత్సరాలు నేర్చుకొని, తరువాత బృందాన్ని ఏర్పరచుకుంటాడు. చిందు పద్ధతిలో బృందంలో పుట్టి, బృందంలోనే నేర్చుకుంటాడు. మొదటివానికి విద్య ఉన్నది, ప్రేక్షకులను వెతుక్కోవాలి. రెండవవానికి ప్రేక్షకులు తరతరాలుగా ఉన్నారు, విద్యకు పట్టా లేదు.

నేటి వృత్తి మార్గాలు

హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై నార్కెట్‌పల్లి, నకిరేకల్ మధ్యనున్న కట్టంగూర్ వంటి మండల కేంద్రం నుండి రంగస్థలాన్ని వృత్తిగా ఎంచుకునే యువకులకు శాస్త్రీయ శిక్షణ ప్రధానంగా హైదరాబాదులో లభిస్తుంది. అందుబాటులో ఉన్న మార్గాలు ఈ విధంగా ఉన్నవి.

* విశ్వవిద్యాలయ విద్య: హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళా విభాగంలో రంగస్థల కళలలో స్నాతకోత్తర విద్య కలదు. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం, వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నవి. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినది.
* జాతీయ నాటక పాఠశాల: 1959లో ఢిల్లీలో ప్రారంభమైన ఈ సంస్థ మూడేళ్ళ పూర్తికాల శిక్షణ ఇస్తుంది. డిగ్రీ, కొంత రంగస్థల అనుభవం ఉండాలి.
* ఉపకారవేతనాలు: కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుండి 25 సంవత్సరాల వయసు గల యువ కళాకారులకు గురువు వద్ద రెండేళ్ళు నేర్చుకొనుటకు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనం ఇచ్చే పథకాన్ని నిర్వహిస్తున్నది. నాటకం, మూకాభినయం, జానపద కళలు ఇందులో చేరి ఉన్నవి. గురుశిష్య పరంపర పథకం క్రింద గురువులకు కూడా సహాయం లభిస్తుంది.
* యువ పురస్కారం: సంగీత నాటక అకాడమీ 40 సంవత్సరాల లోపు కళాకారులకు 2006 నుండి ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ పేరుతో పురస్కారం ఇస్తున్నది.
* ప్రభుత్వ ఉద్యోగం: రాష్ట్ర ఏర్పాటు తరువాత నెలకొల్పిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులను నియమించారు. ప్రభుత్వ పథకాల ప్రచారం వీరి ప్రధాన విధి. ఇందులో పాట, ఆట వచ్చినవారికి నెల జీతం ఏర్పడినది.
* శిబిరాలు: పాఠశాలలు, కళాశాలలు, నాటక సంస్థలు నిర్వహించే స్వల్పకాలిక శిబిరాలలో దేహాభినయం, అడుగు, లయ బోధించడం ద్వారా ఆదాయం పొందవచ్చును.

ఒకే మార్గంపై ఆధారపడి జీవించడం కష్టం. ప్రదర్శన, బోధన, శిబిరాలు, ఆహార్య తయారీ వంటి వాటిని కలుపుకొన్నవారే వృత్తిలో నిలదొక్కుకోగలరు.

సమస్యలు

పట్టా లేనివారికి బోధనా ఉద్యోగాలు దొరకకపోవడం ప్రధాన సమస్య. తాతముత్తాతల నుండి వచ్చిన విద్య గలవాడు బోధకుడుగా నియమింపబడుటకు డిగ్రీ లేకపోవడం అడ్డు అవుతుంది. డిగ్రీ గలవారికి రాత్రంతా ఆడగల దేహాభ్యాసం, మేళ అనుభవం ఉండవు. చుక్క సత్తయ్య నియామకం వంటివి ఈ అడ్డును దాటిన అరుదైన సందర్భాలు.

చదువు మరొక ముడి. మేళంతో తిరిగే పిల్లవానికి బడి సాగదు, బడికి వెళ్ళే పిల్లవానికి మేళం సాగదు. పిల్లలను చదివించుకోవాలన్న తల్లిదండ్రుల నిర్ణయం న్యాయమైనదే అయినా, పసితనంలో తాళం పట్టే దశ తప్పిపోవడం వలన శిక్షణ క్రమం మొదటి మెట్టులోనే తెగిపోతున్నది. సెలవులలో శిబిరాలు, పాఠశాలలో కళాబోధన దీనికి కొంతవరకు పరిష్కారం కాగలవు.

రాత్రంతా జరిగే కథను వేదికపై అరగంటకు కుదించడం వలన సంవాదాలు, హాస్యం పోయి అడుగులు, వేషాలు మాత్రమే మిగులుతున్నాయి. కులపురాణంలోని వాదభాగం నగర వేదికలపై దాదాపు వినిపించదు. పూర్తి ప్రదర్శనలను దృశ్య రూపంలో భద్రపరచడం, నడకలకు, దరువులకు పాఠ్యక్రమం తయారుచేయడం, మేళ పెద్దలను గౌరవ బోధకులుగా నియమించడం ఈ విద్య నిలుచుటకు అవసరమైన పనులు.

ఇవి కూడా చూడండి

* యక్షగానం
* వీధి భాగవతం
* ఒగ్గు కథ
* పేరిణి శివతాండవం
* మూకాభినయం
* సుద్దాల హనుమంతు
* కట్టంగూర్